అందరూ కూర్చునే ఆట

పోయిన వారం మనం వదిలిపెట్టిన చోట వాన ఇంకా తగ్గలేదు. కన్నడ తీరాన కుందాపురంలో పాత బియ్యం మిల్లు గేటు ముందు పదమూడేళ్ళ సౌపర్ణిక ఒక చేత్తో గొడుగూ, ఇంకో చేత్తో చెల్లెలి చక్రాల కుర్చీ పట్టుకుని అలాగే నిలబడి ఉంది. గొడుగు పూర్తిగా చెల్లెలి మీద ఉంది. వాన పూర్తిగా సౌపర్ణిక మీద ఉంది.

ఈ వారమే మన మధ్యకు వచ్చినవారికి రెండు ముక్కలు. ఆ మిల్లులో గాణిగ మాస్టారు పిల్లలకు యక్షగానం నేర్పుతారు. నాలుగేళ్ళుగా ఆ పిల్లల మేళంలో సౌపర్ణికను మించిన ఆటగత్తె లేదు. మోకాళ్ళ మీద గిర్రున పద్దెనిమిది చుట్లు తిరుగుతుంది. ఇంట్లో ఏది చూసినా చెల్లెలు వారాహిదే; ఈ మేళం ఒక్కటే తనది. వారాహికి పదేళ్ళు. పుట్టినప్పటి నుంచీ కాళ్ళు చెప్పిన మాట వినవు, చేతులు సగం వింటాయి, నోట్లో మాట ఆగి ఆగి వస్తుంది. ఈ జూన్‌లో మాస్టారు ఆమెనూ మేళంలో చేర్చుకున్నారు. "ఏ బిడ్డనూ గుమ్మం బయట ఉంచం" అని గోడ మీద సున్నంతో రాయించారు. అంతటితో ఊరుకోలేదు. ఈ వానాకాలం గజ్జెలూ కిరీటాలూ కట్టిపెట్టి తాళమద్దెల ఆడదామన్నారు. అది అందరూ కూర్చుని ఆడే ఆట. వేషం లేదు, అడుగు లేదు. పాట భాగవతులు, అంటే ఇక్కడ మాస్టారే, పాడతారు. పాత్రల మాటలు మాత్రం ఎవరివి వాళ్ళు అప్పటికప్పుడు అల్లుకోవాలి.

ఇంకొక్కటి. ఏప్రిల్‌లో సౌపర్ణిక యక్షగాన గురుకులానికి దరఖాస్తు పెట్టింది. అక్కడే ఉండి, చదువుకుంటూ, అయిదేళ్ళు ఆట నేర్చుకోవచ్చు. ఎంపికైన పిల్లలకు ఉత్తరాలు వచ్చేశాయని ఊళ్ళో విన్నది. తనకు రాలేదు.

ఇక గేటు తీద్దాం.

"పుట్టి వచ్చింది! ఒరేయ్ ఆల్విన్, పుట్టి వచ్చేసింది!"

సఫ్వానా వానలో తడుస్తూ పరిగెత్తుకొచ్చింది. చేతిలో చిటితాళాలు అలాగే ఉన్నాయి, నెత్తి మీద ముసుగు భుజం మీదికి జారిపోయింది. వచ్చీ రాగానే కుర్చీ ముందు వంగి వారాహి బుగ్గ గిల్లింది.

సౌపర్ణిక నాలుగేళ్ళుగా ఇదే గేటులోంచి లోపలికి వస్తోంది. తనకోసం ఒక్కరోజు ఒక్కరు పరిగెత్తుకొచ్చారా? గుర్తు చేసుకోవడానికి నిజాయితీగానే ప్రయత్నించింది. రాలేదు. తనను ఎవరూ ముద్దుగా పుట్టి అని గానీ, బంగారం అని గానీ, కనీసం పేరు సగం చేసి గానీ పిలవలేదు. సౌపర్ణిక అంటే సౌపర్ణికే, బడి హాజరు పట్టీలో ఉన్నట్టు, నాలుగక్షరాలూ.

"తోస్తావా, ఇక్కడే నానబెడతావా?" అంది సఫ్వానా.

"నువ్వే తొయ్యి. అంత ముద్దొస్తే."

"అబ్బో! ఇవాళ పెద్ద రాకుమారికి పొద్దున్నే మిరపకాయ బజ్జీలు పెట్టారా ఇంట్లో?"

వారాహి నవ్వింది. ఆమె నవ్వితే తల ఒక పక్కకు వాలిపోతుంది, భుజం పైకి లేస్తుంది, నవ్వు మాత్రం మాటలా ఆగదు, గలగలా ఒక్కసారే వచ్చేస్తుంది. ఆ నవ్వు విని లోపల నలుగురు నవ్వారు. ఏం జరిగిందో తెలియకుండానే నవ్వారు. సౌపర్ణికకు ఒళ్ళు మండింది. తను పద్దెనిమిది చుట్లు తిరిగితే గానీ చప్పట్లు కొట్టని మనుషులు, ఇది తల వాలిస్తే చాలు మురిసిపోతారు.

మిల్లు లోపల ఊకవాసన ఎప్పటికీ పోదు. వానాకాలంలో అది ఇంకా కమ్మగా ఉంటుంది, కొత్తగా వార్చిన గంజిలాగా. పెంకుల మీద వాన చప్పుడు, మూలన బొగ్గుల కుంపటి మీద ధనియాల కషాయం. మాస్టారి భార్య కావేరమ్మ మూకుడులోంచి గోళీబజెలు తీస్తోంది. గుండ్రంగా, బంగారురంగులో, పైన కరకర, లోపల దూదిలా మెత్తగా. ఎంత కోపంగా ఉన్నా ఆ వాసనకు సౌపర్ణిక ముక్కు దానంతటదే అటు తిరిగింది. లోకంలో గోళీబజెలు ఉన్నంతవరకు పూర్తిగా ఏడవడం కష్టం.

కావేరమ్మ మొదటి వాయి ఆకులో వేసింది. వేడి చల్లారేలా ఊదింది. చిన్న చిన్న ముక్కలు చేసింది. ఆ ఆకు తిన్నగా వారాహి ఒళ్ళోకి వెళ్ళింది.

"నీకు రెండో వాయిలో ఇస్తానమ్మా సౌపర్ణికా. నువ్వు పెద్దదానివి కదా, ఓపిక పడతావు."

పెద్దదానివి కదా. ఈ మాటను ఎవరో పలక మీద రాసి తన మెడలో వేలాడదీసినట్టుంటుంది. మూడేళ్ళ వయసులో పెద్దదైంది సౌపర్ణిక. అప్పటి నుంచీ పెద్దదే.

మాస్టారు హాలు మధ్యలో బడి నుంచి తెచ్చిన చెక్క కుర్చీలు అర్ధచంద్రంలా వేశారు. మామూలుగా తాళమద్దెలకు చాప మీదే కూర్చుంటారు. మేళంలో ఒకరి కుర్చీకి చక్రాలున్నాయి కాబట్టి, ఎవరూ ఎవరికంటే కింద ఉండకూడదని అందరికీ కుర్చీలు తెప్పించారు. నడుమ భాగవతుల కుర్చీ, దాని పక్కన మద్దెలతో ఆల్విన్. వాడికి కంటిచూపు అంతంతమాత్రం; ఎదుటి మనిషి మసగ్గా ఒక రంగులా కనిపిస్తాడు. చేతివేళ్ళకు మాత్రం అన్నీ కనిపిస్తాయి.

"మాస్టారూ, మసక తెలుపు మీరే కదా?" అన్నాడు ఆల్విన్.

"నేనేరా. పక్కన మసక నలుపు నా గొడుగు. దానికి నమస్కారం పెట్టకు మళ్ళీ."

మాస్టారు ఎదుటివరసలో రెండు కుర్చీలు చూపించారు. ఒకటి సౌపర్ణికకు. ఇంకొకదాన్ని పక్కకు లాగి, ఆ ఖాళీలోకి వారాహి కుర్చీ తోసి చక్రాలకు చెక్కముక్క అడ్డం పెట్టారు. నడుమ మూడోది, చేతులున్న పెద్ద కుర్చీ, ఖాళీగా ఉంది. అది రాజుది. రాజు వేసే రాకేశ్ ఖార్వి మూడు రోజులుగా జ్వరంతో మూలుగుతున్నాడు.

సౌపర్ణిక కూర్చుంది. సంచిలో గజ్జెలు అలాగే ఉన్నాయి. ఆట లేదని తెలిసినా రోజూ తెస్తోంది. కుర్చీ కింద ఎవరికీ కనబడకుండా కాలివేళ్ళతో తాళం వేసుకుంటుంది. తన బలమంతా కాళ్ళలో ఉంది. ఆ కాళ్ళను మడిచి కుర్చీ కింద పెట్టమన్నారు. ఎవరికోసం? దానికోసం.

"విషయం అందరికీ తెలుసు," అన్నారు మాస్టారు. "ముసలి రాజు, ఇద్దరు కూతుళ్ళు, ఒక్క కిరీటం. వచ్చే శనివారం ఊరి ముందు ఆడతాం. చిన్న రాకుమారి పాత్ర వారాహికా, ఇంకొకరికా అన్నది ఇవాళ ఆమె మాట్లాడినదాన్ని బట్టి తేలుస్తాను. నియమాలు ఇంకోసారి. సఫ్వానా, చెప్పు."

సఫ్వానా వేళ్ళు మడుస్తూ గడగడా అప్పజెప్పింది. "ఆసనం మీద అన్న మాటకి ఆసనం మీదే జవాబు. మధ్యలో లేచినవాళ్ళు ఓడినట్టు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే అడ్డం రాకూడదు, నోట్లో మాట అందుకోకూడదు. పాటలో చివరి మాట మళ్ళీ అని ముగించేదాకా భాగవతులు కూడా తాళం వెయ్యకూడదు. మాస్టారూ, ఒక సందేహం."

"అడుగు."

"మధ్యలో తుమ్మొస్తే?"

"తుమ్ము కూడా మాటే. ఎదుటివాళ్ళు దానికీ జవాబు చెప్పాలి."

నవ్వులు సద్దుమణిగాక మాస్టారు తాళాలు చేతిలోకి తీసుకుని గొంతెత్తారు.

*కోటలో పూచిన కొమ్మలు రెండు,*
*కొలువులో మెరిసే కిరీటమొక్కటి,*
*ఎవ్వరి తలకిది తగినదో చెప్పు.*

మద్దెల ఆగింది. వంతు సౌపర్ణికది. వారమంతా కూర్చుకున్న మాటలు ఆమె నోట్లో సిద్ధంగా ఉన్నాయి.

"చెల్లీ! రాజ్యమంటే బొమ్మరిల్లు కాదు. ఏలేవాళ్ళు ఊరూరా తిరగాలి. వాగులు దాటాలి, కొండలెక్కాలి, వానొచ్చినా ఎండొచ్చినా గుర్రం దిగకూడదు. నేను పన్నెండేళ్ళకే గుర్రమెక్కాను. నువ్వు ఎక్కగలవా? ఎక్కలేనిదానికి కిరీటమెందుకో చెప్పు!"

బాగుంది. తనకే తెలిసింది బాగుందని. వెనక కూర్చున్న చిన్నపిల్లలు 'ఓహో' అన్నారు. మాస్టారు తల ఊపారు.

వారాహి వెంటనే మాట్లాడలేదు. ఆమె ఎప్పుడూ వెంటనే మాట్లాడదు. ముందు మెడ నిలబెట్టుకోవాలి, తర్వాత ఊపిరి పట్టుకోవాలి, ఆ తర్వాత పెదవులు దారికి రావాలి. ఇంట్లో అయితే ఈలోపు అమ్మ ఆ మాటేదో తనే అనేస్తుంది. బడిలో టీచరు ఇంకొకరిని అడుగుతుంది. ఇక్కడ మాత్రం నియమం ఉంది. మాస్టారు తాళాలు ఒళ్ళో పెట్టుకుని, వాన చూస్తున్నట్టు, తొందరేమీ లేనట్టు కూర్చున్నారు.

"ఎక్కలేను... అక్కా," అంది వారాహి. "రాజుగారు... గుర్రమెక్కి... ఏం చేస్తారు?"

ఆగింది. అందరూ ముందుకు వంగారు.

"కూర్చుంటారు. సింహాసనమెక్కి... ఏం చేస్తారు? కూర్చుంటారు. కూర్చోడంలో... నా అంత అనుభవం... నీకుందేమో... చెప్పు!"

మిల్లు దద్దరిల్లిపోయింది. ఆల్విన్ మద్దెల మీద టపటపా రెండు దరువులు వేసేశాడు. సఫ్వానా కుర్చీలోంచి జారి కిందపడినంత పని చేసింది. మూకుడు దగ్గర కావేరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. గాణిగ మాస్టారు, పాతికేళ్ళు పెద్ద మేళాలతో ఊళ్ళు తిరిగి ఎన్ని మాటలు విన్నారో తెలియని మనిషి, తొడ చరిచి, "శభాష్! ఇదీ తాళమద్దెల!" అన్నారు.

శభాష్. నాలుగేళ్ళలో ఆ మాట తనకు రెండుసార్లు దొరికింది. రెండుసార్లూ మోకాళ్ళు చెక్కుకుపోయి రక్తం కారాకే. ఇది ఆసనమెక్కిన మొదటి రోజే, కూర్చున్న చోటే, గోళీబజె ముక్కలు నములుతూ సంపాదించేసింది.

ఆట ఇక్కడ ఆపేసినా సరిపోయేది. చిన్న రాకుమారి ఎవరో తేలిపోయింది. కానీ మాట తిరిగి సౌపర్ణిక దగ్గరికి వచ్చింది. ఆసనం మీద మాటలు ఎవరివి వాళ్ళవే కదా. ఎవరూ అడ్డం రారు కదా.

"చెల్లీ," అంది. గొంతు రాకుమారిదే. మాటలు మెల్లగా ఇంటివైపు నడిచాయి. "ఈ కోటలో పొద్దున్నే వేడినీళ్ళు మొదట ఎవరికి? నీకు. చేమాకు పత్రొడె చుట్టలో మధ్య ముక్క ఎవరికి? నీకు. రాణిగారు అరగంట కూర్చుని జడ వేసి మల్లెపూలు పెట్టేది ఎవరికి? నీకు. నన్ను చూసి 'నువ్వు వేసుకోగలవు కదా' అంటారు. నాకు పదేళ్ళు నిండిన రోజు సముద్రానికి తీసుకెళ్తానని రాజుగారు మాటిచ్చారు. నీకు జ్వరమొచ్చింది. మరుసటి ఏడు మళ్ళీ మాటిచ్చారు. నీకు ఆసుపత్రిలో కొత్త బూట్లు తొడగాల్సొచ్చింది. మన ఇంటి నుంచి సముద్రం ఎంత దూరం? నేను నడిచి వెళ్ళగలిగినంత దూరం. కానీ ఒక్కదాన్నీ వెళ్ళకూడదు, నిన్ను చూసుకోవాలి."

సఫ్వానా నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. చిటితాళాలు ఒకదానికొకటి తాకకుండా పట్టుకుంది.

"ఇంత పెద్ద కోటలో నాకంటూ ఒక్క గది ఉండేది. అందులో నేను తిరిగేదాన్ని. అందులోకి కూడా నువ్వొచ్చావు. నిన్ను తోసుకొచ్చింది ఎవరు? నేనే. ఈ చేతులతోనే. రాజుగారికి ఒక్క కూతురే ఉండి ఉంటే..."

అక్కడ ఆగింది. పూర్తిచెయ్యలేదు. పూర్తిచెయ్యక్కర్లేకపోయింది.

సౌపర్ణిక చెవులు వేడెక్కాయి. తన గొంతు ఇంకా హాల్లో ఎక్కడో తిరుగుతున్నట్టనిపించింది. లేచి పారిపోతే బాగుండును. లేస్తే ఓడినట్టు.

"చివరి మాట," అన్నారు మాస్టారు మెల్లగా. తిట్టలేదు. ఆట ఆపలేదు. "ముగించు."

"చెప్పు," అంది సౌపర్ణిక. గుసగుసలా వచ్చింది.

మాస్టారు వారాహి వైపు తిరిగారు. "సమయం నీది తల్లీ. ఎంత కావాలంటే అంత."

వారాహి మెడ నిలబెట్టుకుంది. ఈసారి చాలాసేపు పట్టింది. ఆమె చెప్పినదంతా ఆగి ఆగి, ఒక్కొక్క మాటా గట్టు మీదికి లాగినట్టు వచ్చింది. ఆ ఆగిన చోట్లన్నీ తీసేసి కలిపి రాస్తే ఇదీ.

"అక్కా, అన్నీ నిజమే. ఒక్కటి వదిలేశావు. నాకూ నువ్వంటే కుళ్ళు. నువ్వు మోకాళ్ళ మీద తిరుగుతావు కదా, నేను మనసులో లెక్కపెడతాను. పద్దెనిమిది. పంతొమ్మిదోదానికి పడాలని దేవుడికి మొక్కుతాను. నువ్వు పడవు. దేవుడు కూడా నీ ఆటే చూస్తున్నాడేమో, నా మాట వినడు."

ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు.

"నువ్వు వెళ్ళి సముద్రం చూడలేదన్నావు. నేను తల తిప్పి వాకిలి కూడా చూడలేను, ఎవరైనా కుర్చీ తిప్పాలి. ఆ రోజు మాత్రం నా కుర్చీ వాకిలి వైపే ఉంది. పదకొండు రోజుల కిందట. కోటకి లేఖ వచ్చింది. టపా తెచ్చినతను నా ఒళ్ళో పెట్టి వెళ్ళాడు. పెద్ద రాకుమారి పేరు మీద. గురుకులం వాళ్ళ గుర్తు ఉంది, కిరీటం బొమ్మ."

సౌపర్ణిక కుర్చీ అంచులు పట్టుకుంది.

"రాణిగారు చదివి ఏడ్చారు. రాజుగారు రెండుసార్లు చదివారు. తర్వాత దాన్ని పనస అప్పడాల డబ్బాలో పెట్టి అటక మీద పెట్టారు. 'పెద్దది వెళ్ళిపోతే దీన్ని ఎవరు తోస్తారు' అన్నారు. నేను అక్కడే ఉన్నాను. వాళ్ళు నా ముందు అన్నీ మాట్లాడతారు, నేను చెప్పేలోపు ఎవరూ ఆగరని. నువ్వొక్కదానివే ఆగుతావు రోజూ, జడ వేసుకుంటూ. పదకొండు రోజులూ ఆగావు. నేను చెప్పలేదు. నువ్వు వెళ్తే ఇంట్లో అందరూ పొద్దస్తమానం నిన్నే తల్చుకుంటారు. నేను ఎదురుగా ఉన్నా నిన్నే తల్చుకుంటారు. అందుకని చెప్పలేదు. సోమవారం లోపల జవాబు వెళ్ళాలట. కిరీటం నీది. దాచింది మేము. ఇప్పుడు నన్నేం చేస్తావో చెప్పు."

చివరి మాట వచ్చింది. తాళం వెయ్యవలసిన చోటు. మాస్టారి చేతులు కదల్లేదు.

సౌపర్ణికకు లోపల ఏవేవో ఒకేసారి లేచాయి. ఉత్తరం వచ్చింది. తను ఎంపికైంది. తీసి దాచారు. పదకొండు రోజులు. ఇవన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటుంటే, వాటి వెనక ఇంకొకటి, చాలా చిన్నది, సిగ్గులేనిది, తొంగి చూసింది. దీనికి నేనంటే కుళ్ళట! రోజూ కూర్చుని లెక్కపెడుతుందట! తన మీద ఒకరికి అసూయ ఉండటం ఇంత వెచ్చగా ఉంటుందని సౌపర్ణికకు ఎవరూ చెప్పలేదు.

నియమం గుర్తొచ్చింది. లేవకూడదు. ఆసనం మీద మాటకి ఆసనం మీదే.

"చిన్న రాకుమారీ," అంది, ఒక్కొక్క అక్షరం పట్టుకుని. "ఇది కథలో మాటా? నిజం మాటా?"

"ఉప్పుమామిడి జాడీ... పక్కన," అంది వారాహి. "డబ్బాకి... మూత సరిగ్గా పట్టదు."

ఆ మూత సంగతి సౌపర్ణికకు తెలుసు. ఆ డబ్బా ఏ కథలోనూ లేదు.

మాస్టారు కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నారు. "నీకు చోటు దొరక్కుండా ఉండదని తెలుసు. మీ ఇంట్లోవాళ్ళే వద్దనుకున్నారేమో అనుకున్నానమ్మా," అన్నారు. "అడగవలసింది. అడగలేదు."

అప్పుడే ఆల్విన్ తల తిప్పాడు. "మాస్టారూ, తలుపు దగ్గర ఎవరో ఉన్నారు. ఆకుపచ్చ. ఇందాకటి నుంచీ ఉన్నారు. ఊపిరి వినిపిస్తోంది."

అందరూ తిరిగారు. తలుపు దగ్గర తిమ్మప్ప దేవాడిగ నిలబడి ఉన్నాడు. వాన ఎక్కువైందని కూతుళ్ళను తీసుకెళ్ళడానికి ఆటో తెచ్చాడు. ఆటోకి కట్టే ఆకుపచ్చ ప్లాస్టిక్ తెర నెత్తిన కప్పుకుని వచ్చాడు. తెర అంచుల నుంచి కారిన నీళ్ళు కాళ్ళ దగ్గర చిన్న మడుగు కట్టాయి. మడుగు చూస్తే తెలుస్తుంది, ఎంతసేపటి నుంచి ఉన్నాడో.

"అప్పయ్యా," అంది సౌపర్ణిక.

ఆయన ఆమె వైపు చూడలేదు. "వాన... ఎక్కువైంది మాస్టారూ. పిల్లల్ని తీసుకెళ్తా. ఏవన్నా ఉంటే ఇంట్లో మాట ఇంట్లో మాట్లాడుకుంటాం."

"ఆట ముగియలేదు తిమ్మప్పా."

"నాకు ఇవన్నీ తెలీవు. మా నాన్న మద్దెల వాయించేవాడు. నేను ఆటో నడుపుతాను."

"తెలియాల్సిందేమీ లేదు. ఆసనం మీద పుట్టిన మాటకి ఆసనం మీదే జవాబు. నేను పెట్టింది కాదిది, మీ నాన్న కూర్చున్న చోటి నియమం. పెద్దది అడిగింది, చిన్నది చెప్పింది. రాజు మాటొక్కటే మిగిలింది." మాస్టారు ఖాళీ కుర్చీ వైపు చెయ్యి చూపించారు. "కుర్చీ ఖాళీగానే ఉంది."

తిమ్మప్ప ఆటో వైపు చూశాడు. పిల్లల వైపు చూశాడు. ఇరవైమంది పిల్లలు, ఒక్కరూ కదలకుండా, తననే చూస్తున్నారు. ఒకరికి కాళ్ళు లేవవు, ఒకడికి కళ్ళు సరిగ్గా కనబడవు, ఒకమ్మాయి తండ్రి ఎండుచేపలు అమ్ముతాడు, ఇంకొకడి తండ్రి ఎవరో ఎవరికీ తెలియదు. అందరూ ఒకే ఎత్తులో కూర్చుని ఉన్నారు. నిలబడ్డది తనొక్కడే.

"కూర్చో... అప్పయ్యా," అంది వారాహి. "కష్టం కాదు. నేను... నేర్పిస్తా."

ఆయన పెదవి అదిరింది. నవ్వో ఏమో తెలియలేదు. ప్లాస్టిక్ తెర తీసి గుమ్మం బయట పెట్టాడు. చెప్పులు విడిచాడు. తడిసిన కాళ్ళతో నడిచి వచ్చి, కుర్చీని ఒకసారి చేత్తో తాకి కళ్ళకద్దుకుని, ఇద్దరు కూతుళ్ళ మధ్య కూర్చున్నాడు. ఆయన చొక్కా మీంచి పెట్రోలు వాసన, వాన వాసన. సౌపర్ణికకు ఆ వాసన చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఇప్పుడు ఇష్టపడకూడదని గట్టిగా అనుకుంది.

మాస్టారు తాళం వేశారు. ఆల్విన్ వేళ్ళు మద్దెలను మెల్లగా లేపాయి.

*మాట దాచిన మహారాజా,*
*మౌనమెందుకు, మనసు విప్పి,*
*బిడ్డలు వింటున్నారు చెప్పు.*

పాట ఆగింది. తిమ్మప్ప గొంతు సవరించుకున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు, ఆటో హ్యాండిల్ లేక ఏం చెయ్యాలో తెలియనట్టు. సౌపర్ణిక అడ్డం రాలేదు. చెల్లెలి మాట కోసం ఆగడం రోజూ అలవాటే. అప్పయ్య మాట కోసం ఆగడం ఇదే మొదటిసారి.

"పెద్ద రాకుమారీ," అన్నాడు చివరికి. రాజుగొంతు రాలేదు, అప్పయ్య గొంతే వచ్చింది. "లేఖ దాచింది నేనే. చిన్నది చెప్పిందంతా నిజం. కానీ ఆ డబ్బాలో ఇప్పుడు ఆ లేఖ లేదు. జవాబు నేను మొన్ననే పంపించేశాను."

"ఏమని?" సౌపర్ణిక నోటిదాకా వచ్చింది. నోట్లో మాట అందుకోకూడదు. పళ్ళ మధ్య పట్టి ఆపుకుంది.

ఆయన ఇంకా చివరి మాట అనలేదు. అనేదాకా ఎవరూ తాళం వెయ్యకూడదు, ఎవరూ లేవకూడదు. ఆయన మెల్లగా తల తిప్పాడు. సౌపర్ణిక ఆ చూపు కోసం మొహం ఎత్తింది.

చూపు ఆమె దాకా రాలేదు. ఇప్పుడు కూడా, ఈ ఒక్క మాటకు కూడా, అప్పయ్య మొదట చూసింది చెల్లెలి వైపే. ఆ చూపు చూడగానే వారాహి తల ఒక పక్కకు వాలిపోయింది. జవాబేమిటో ఆమెకు ముందే అర్థమైనట్టుంది; ఈసారి నవ్వు రాలేదు.